మూడు మైళ్ళు దాటిన కార్డులు

"మిషన్‌కు చుట్టాలుండరు వీరభద్రం," అన్నాడు ఇన్‌స్పెక్టర్ కిషన్ రావు, బల్లమీది కాగితాన్ని వేలితో ఇవతలికి తోస్తూ. "కల్లు తాగదు. బెదిరిస్తె బెదరదు. కోర్టుల మాట మార్చదు. గసుంటి సాక్షి దొరికినంక ఇగ నీతోని నాకేం పని?"

వీరభద్రం వెంటనే కాగితం అందుకోలేదు. ముందు గోడ గడియారం చూశాడు, పన్నెండూ పది. తరవాత జేబులోంచి తన గడియారం తీసి చూశాడు, పన్నెండూ ఏడు. ఏది నిజమో తేల్చే తీరిక లేక రెండూ మనసులో రాసుకున్నాడు. పద్దెనిమిదేళ్ళు తంతి ఆఫీసులో టకటకలు విని, ఆ తరవాత హనుమకొండలో ప్రైవేటు డిటెక్టివ్ బోర్డు కట్టుకున్న మనిషి ఆయన. ఉద్యోగం పోయినా గడియారం పిచ్చి మాత్రం పోలేదు.

కాగితం టైపు చేసిన ఉత్తరం. కాశిబుగ్గ అవతలి మెరుపుల పరిశీలనా కేంద్రం నుంచి వచ్చింది. వాడవాళ్ళు దాన్ని మెరుపుల ఆఫీసు అంటారు. 1963 జూన్ నాలుగు, మంగళవారం, మధ్యాహ్నం మూడు నుంచి నాలుగున్నర వరకు నైరుతి దిక్కున పదకొండు పిడుగులు నమోదయ్యాయనీ, పాలకుర్తి గుట్ట కింది తాళ్ళకు అయిదు మైళ్ళలోపు ఒక్కటీ పడలేదనీ అందులో ఉంది. 'మా కొలతలో సగటు తప్పు ఒక మైలు' అని కింద మరో వాక్యం. దాని కింద అబ్జర్వర్ లక్ష్మీనర్సయ్య సంతకం, ముత్యాల్లాంటి అక్షరాలు.

కేసు చిన్నదే. ఆ మంగళవారం పొద్దున కాశిబుగ్గ నేతగాళ్ళు ఇద్దరు, సమ్మయ్య, అతని బావ మొగిలయ్య, పాలకుర్తిలో ఒక పెళ్ళింటికి జంపఖానాలు ఇచ్చి రావడానికి సైకిళ్ళ మీద బయల్దేరారు. సమ్మయ్య ఒక్కడే ప్రాణంతో తిరిగొచ్చాడు. పిడుగు పడి బావ పోయాడన్నాడు. దవాఖాన డాక్టరేమో తల వెనక దెబ్బ ఉందనీ, కాలిన గుర్తులు కనపడలేదనీ రాశాడు. పైగా ఆ పొద్దున బయల్దేరే ముందు ఇద్దరూ వాడంతా వినేలా పోట్లాడుకున్నారు.

"ఏప్రిల్ల పరకాల తోట కేసు యాదికున్నదా?" కిషన్ రావు కుర్చీ వెనక్కి వాల్చాడు. "నూలు సేటు రాజేశ్వర్ రావు భార్య అనసూయమ్మ. తోటల పిడుగు పడి పోయిందన్నరు. ఊరంత గుసగుసలు. నేనేం జేసిన? గిదే ఆఫీసుకు చిట్టీ రాసిన. పిడుగు తోటల్నే పడ్డదని గీతలు గీసి పంపిండ్లు. ఒక్క దినంల ఫైలు మూసిన. ఆ కేసుల పడ్డదంటె నమ్మిన. ఈ కేసుల పడలేదంటె నమ్మద్దా?"

"నమ్మాలె. కాని ఒక్కసారి సమ్మయ్యతోని మాట్లాడనియ్యున్రి ఇన్‌స్పెక్టర్ సాబ్."

"పది నిమిషాలు. అయిదింటికి మేజిస్ట్రేట్ ముంగట నిలబెట్టాలె."

లాకప్‌లో సమ్మయ్య గోడకు ఆనుకుని కూచున్నాడు. ముప్పై ఏళ్ళుంటాయి. గోళ్ళ సందుల్లో ఎర్ర రంగు. అది నూలుకు అద్దే రంగే గానీ, పోలీసు స్టేషన్లో చూస్తే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. వీరభద్రం చువ్వల పక్కన కిందే కూచున్నాడు.

"లొల్లి ఎందుకైంది?"

"బావ సోలాపూర్ మిల్లుల పనికి పోతనన్నడు. చెల్లెను తోల్కపోతనన్నడు. తోల్కపోతె కాళ్ళిరగ్గొడ్త అన్న," అన్నాడు సమ్మయ్య తల వంచుకుని. "అన్న సారూ. అననని ఎందుకు చెప్పాలె? అది చిన్నప్పటి సంది నా ఎనుకనే తిరిగింది. దాన్ని ఇడిసి ఉండుడు నాతోని కాదు."

"పెండ్లింటికి ఎన్ని గంటలకు చేరిండ్లు?"

"పన్నెండు గావచ్చు. జంపఖానాలు ఎనిమిది ఇచ్చినం. పెండ్లిపిల్లనే బయటికొచ్చి మాకు చల్ల పోసింది. చిన్నపిల్ల సారూ. బావతోని నేను మాట్లాడుతలేనని కనిపెట్టి, మీ ఇద్దరికి కొట్లాటనా అని నవ్వింది."

"తరవాత?"

"రెండున్నరకు మళ్ళినం. గుట్ట కిందికి వచ్చెవరకు మొగులు కమ్మింది. తాళ్ళ కింద ఆగినం. అప్పుడు బావనే మాట కలిపిండు. 'ఏడాదే పోతరా సమ్మన్నా, అది రానంటె నేనొక్కన్నే పోత' అన్నడు. నాకు సిగ్గైంది. సైకిల్ మీది గోనెసంచి తెచ్చి బావకు కప్పుదామని నాలుగడుగులు వేసిన." సమ్మయ్య కళ్ళు మూసుకున్నాడు. "తెల్లగైంది సారూ. గంత తెలుపు నేనెన్నడు చూడలె. నేనూ పడ్డ. లేచి చూస్తె బావ రాయి మీద ఎల్లెలకల పడి ఉన్నడు. రోడ్డుదాంక భుజం మీద ఏసుకుని ఉరికిన."

వీరభద్రం లేవబోతుంటే చువ్వల్లోంచి ఆయన చొక్కా అంచు పట్టుకున్నాడు.

"సారూ, చెల్లె అన్నం తింటాందా?"

వీరభద్రం అతని వేళ్ళను మెల్లగా విడిపించాడు. ఆ చెల్లె సరోజన నిన్ననే తన గదికి వచ్చింది. కళ్ళలో తడి లేదు, ఏడ్చి ఏడ్చి ఇంకిపోయినట్టున్నాయి. 'మా అన్న నా పెనిమిటిని చంపిండా లేదా, నాకు గది ఒక్కటి చెప్పున్రి సారూ. చంపితె వాని మొఖం చూడ. చంపకపోతె, మూడొద్దుల సంది వాన్ని చూడపోని నా మొఖం నేనే చూసుకోలేను' అంది. ఇరవై మూడేళ్ళ పిల్ల. మొగుడు పోయాడు, ఇప్పుడు అన్న కూడా పోతాడేమో తెలియక నలిగిపోతోంది. ఈ వృత్తిలో చాలామంది నిజం చెప్పమని అడిగారు గానీ, ఇంత భయపడుతూ అడిగినవాళ్ళు లేరు.

ఒంటిగంటా ఇరవైకి ఆయన సైకిల్ మెరుపుల ఆఫీసు ముందు ఆగింది.

నేతగాళ్ళ ఇళ్ళ వెనక ఖాళీ జాగాలో ఒంటిగది, దాని పైన ఒకదానికొకటి అడ్డంగా నిలిపిన రెండు పెద్ద తీగ చట్రాలు. లోపల ఒక తెర, ఒక ఫోను, గోడ నిండా మ్యాపు. లక్ష్మీనర్సయ్యకు యాభై ఏడేళ్ళు. ఆగస్టులో రిటైరవుతాడు. ఒంటరి మనిషి. తన రిజిస్టర్లో కొట్టివేత ఒక్కటీ లేదని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునే అమాయకుడు.

"మీ ఇంట్ల రేడియో ఉన్నదా సారూ?" అని ఉత్సాహంగా మొదలుపెట్టాడు. "మొగులైతె కరకరమంటది గద? గా కరకర మెరుపుదే. అది ఎటు దిక్కు నుంచి వచ్చిందో మా ఏరియల్ పట్టుకుంటది. మెరిసినప్పుడల్లా గీ తెర మీద పచ్చ గీత పడ్తది. టైము, కోణం రాసుకుంట. హైదరాబాదుల ఇంకో ఏరియల్ ఉన్నది, వాళ్ళ కోణం ఫోన్ల చెప్తరు. మ్యాపు మీద రెండు గీతలు గీస్తె, కలిసిన కాడ పిడుగు."

"తప్పు గీసినా రెండు గీతలు ఎక్కడో ఒక కాడ కలుస్తయి గద?"

ముసలాయన ముఖం వెలిగింది. మంచి ప్రశ్న అడిగిన విద్యార్థిని చూసినట్టు చూశాడు.

"గందుకే కార్డులు! నలభై ఊర్ల బడిపంతుళ్ళకు, పోస్టుమాస్టర్లకు అచ్చు కార్డులిచ్చినం. చెట్టు మీదనో గుడిసె మీదనో పిడుగు పడితె, జాగా, టైము రాసి డబ్బాల ఏస్తరు. కార్డు చెప్పిన జాగాకు, మా గీతలు కలిసిన జాగాకు ఎంత దూరమో కొలుస్త. రెండేండ్ల సంది అరవై రెండు కార్డులు. సగటు తప్పు ఒక్క మైలు."

"వచ్చిన కార్డులన్నీ కలిసినయా?"

లక్ష్మీనర్సయ్య కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"కలవనివి వేరే పెడ్త. మూడు మైళ్ళు దాటితె అది వేరే పిడుగు. ఆ కార్డు లెక్కలకు రాదు. రూలు."

"రూలు ఎవరు పెట్టిండ్లు?"

"నేనే."

అరమీద ఒక బిస్కెట్ల డబ్బా. వీరభద్రం మూత తీశాడు. ముప్పై ఒక్క కార్డులు. ఒక్కొక్కటే తేదీ ప్రకారం బల్లమీద పేర్చాడు. పాతవి అయిదే అయిదు. మిగతా ఇరవై ఆరూ మొన్నటి ఉగాది తరవాతవి.

అన్నిటికంటే పైన ఉన్నది పాలకుర్తి బడిపంతులు రాసింది. 'జూన్ 4. మూడు గంటల నలభై రెండు నిమిషాలు. గుట్ట కింది తాళ్ళలో పడింది. చాలా దగ్గర. చెవులు దిమ్మెక్కాయి.'

వీరభద్రం ఆ కార్డును రెండుసార్లు చదివాడు. కోపం వచ్చింది. ఎవరిమీద చూపాలో తెలియని కోపం.

"సారూ, ఇది ఎందుకు డబ్బాల ఉన్నది?"

"మా గీతలు ఆరు మైళ్ళ అవతల కలిసినయి. టైము కలిసింది గని జాగా కలువలె. వేరే పిడుగనుకున్న," అన్నాడు ముసలాయన. అబద్ధమాడే గొంతు కాదది.

"మీ తప్పు మైలు దాటదు, నిజమే. దాటినయన్నీ డబ్బాల ఏస్తాండ్లు గద. ఇంక ఎట్ల దాటుతది?"

లక్ష్మీనర్సయ్య కుర్చీ కోసం వెనక్కి తడుముకుని కూచున్నాడు. ఒక మనిషి ముప్పై ఏళ్ళ నమ్మకం కళ్ళముందు కదిలిపోతుంటే చూడటం వీరభద్రానికి బాధగానే అనిపించింది. అయినా గడియారం రెండు చూపిస్తోంది. ఆయన గుండుసూదులు అందుకున్నాడు.

ఇరవై ఆరు కార్డులకూ మ్యాపు మీద సూదులు గుచ్చి, రిజిస్టర్లోంచి ఆయా గీతలు గీయించాడు. ఎనిమిదో సూదికల్లా విషయం తేటపడింది. హైదరాబాదు గీత ప్రతి సూదినీ తాకుతూ పోతోంది. కాశిబుగ్గ గీత మాత్రం ప్రతిసారీ పక్కకు జరుగుతోంది. పాలకుర్తి వైపు కార్డులన్నిటికీ జరుగుడు ఒక్కటే, పదకొండు డిగ్రీలు.

"ఏరియల్ తిరిగిపోయిందా?"

"లేదు. వారానికొకసారి నేనే చూస్త," అన్నాడు లక్ష్మీనర్సయ్య. అంతలోనే రిజిస్టర్ దగ్గరికి లాక్కున్నాడు. కళ్ళు చురుకెక్కాయి. "ఒక్క నిమిషం. ఏరియల్ తిరిగితె అన్ని దినాలు తప్పు రావాలె. ఏప్రిల్ ఇరవై మూడున మూడు కార్డులు మైలులోపు కలిసినయి. మే ఇరవై మూడున రెండు. నడుమ ఒక్కటి కలువలె."

వీరభద్రం గోడమీది పంచాంగం క్యాలెండరు తిప్పాడు. ఏప్రిల్ ఇరవై మూడు అమావాస్య. మే ఇరవై మూడు అమావాస్య.

"అమావాస్య నాడు ఇక్కడ ఏం కాదు?" అని తనలో తాను అనుకుంటున్నట్టు అడిగాడు.

జవాబు కిటికీ బయట ఉంది. నేతగాళ్ళు అమావాస్య నాడు మగ్గం ముట్టరు. గదికి పది అడుగుల దూరంలో ఇరవై గజాల పొడవున ఎర్ర నూలు చుట్టలు, నేతగాళ్ళ మాటలో చిలపలు, ఆరేసి ఉన్నాయి. నాలుగు ఇనుప గుంజలు, పైన ఇనుప తీగ, నూలు గాలికి ఎగరకుండా కింద ఇంకో ఇనుప తీగ. రెండు తీగలూ చివరి గుంజలకు బిగించి ఉన్నాయి. నడుమ ఒక ముసలామె తడి చిలపల్ని తిప్పి వేస్తోంది. సమ్మయ్య, సరోజనల తల్లి యాదవ్వ. కొడుకు జైల్లో, అల్లుడు కాట్లో. అయినా తడిసిన నూలు ఆగదు గనక చేతులు పని చేస్తున్నాయి.

వీరభద్రం బయటికి నడిచాడు.

"అవ్వా, అమావాస్యకు ఈ తీగ తీస్తవా?"

"తియ్యనా మరి? సామానంత ఇంట్ల పెట్టి, కడిగి బొట్టు పెడ్తం. తీగకు తుప్పు తుడుస్త. తుప్పంటితె నూలు ఖరాబైతది."

"తీగ ఎవరు కట్టిండ్లు?"

యాదవ్వ ఒక్క క్షణం కిటికీలో ముసలాయన వైపు చూసింది.

"నేనే," అంది.

వీరభద్రం గుంజ దగ్గరికి వెళ్ళాడు. తీగ కొసలకు కొక్కేలున్నాయి, యాదవ్వ గుంజలకు తగిలించి తీసేది వాటినే. ఆ కొక్కేలకు తీగను మాత్రం పటకారుతో అయిదు చుట్లు తిప్పి, మొన లోపలికి మడిచి నొక్కారు. తంతివాళ్ళు, ఏరియల్ వాళ్ళు మాత్రమే వేసే ముడి అది. తలెత్తి చూస్తే ఏరియల్‌ను పట్టి ఉంచిన తీగలకూ అదే ముడి కనిపించింది. ఆయన ఏమీ అనకుండా లోపలికి వెళ్ళి, స్టేషన్‌కు ఫోను చేశాడు.

మూడూ పదికి జీపు వచ్చింది. సమ్మయ్య వెనక కూచున్నాడు, చేతులకు బేడీలు. కోర్టుకు పోయే దారిలోనే ఆగాడు కిషన్ రావు, ఆగినందుకు తన మీద తనకే కోపంగా.

"తీగ మీద నూలారేస్తె మిషన్‌కు దిక్కు తప్పుతదా?" అని గదంతా దద్దరిల్లేలా అరిచాడు. "ఇగ దండెం మీద ధోతి ఆరేస్తె రైలు పట్టాలు దిగుతదంటవా?"

"నూలు కాదు సాబ్, తీగ. రెండు తీగలు, రెండు గుంజలు కలిస్తె చుట్టు పూర్తయింది. మీద ఏరియల్ ఏం చేస్తాందో కింద అదీ గదే చేస్తాంది. మెరుపు కరకర అదీ పట్టి పక్కకు ఇసుర్తాంది. ఏరియల్‌కు రెండు గొంతులు ఇనపడ్తానయి."

"ఇదంత నువ్వు చెప్పుడు. నేను కోర్టుల ఏం చూపియ్యాలె?"

"మీ కండ్లు చూపియ్యున్రి. మొగులు వస్తాంది."

నిజంగానే నైరుతిన నల్లటి మబ్బు లేచింది. వీరభద్రం దిక్సూచిని స్టూలు మీద పెట్టించి, దాని వెనక ఇన్‌స్పెక్టర్‌ను నిలబెట్టాడు. మెరుపు నేలను తాకగానే దాని కోణం ఆయన అరవాలి. లోపల తెర ముందు లక్ష్మీనర్సయ్య తన కోణం అరవాలి. నడుమ గుమ్మంలో వీరభద్రం రెండూ రాసుకుంటాడు.

మూడూ ఇరవై ఆరుకు మొదటిది మెరిసింది.

"రెండు వందల అయిదు!" బయటి కేక.

"నూట తొంభై నాలుగు!" లోపలి కేక.

ముప్పై ఒకటికి రెండోది. బయట రెండు వందల ఏడు, లోపల నూట తొంభై ఆరు. ముప్పై మూడుకు మూడోది. మళ్ళీ పదకొండు డిగ్రీల తేడా. కిషన్ రావు దిక్సూచిని తట్టి చూశాడు, కళ్ళు నులుముకున్నాడు.

"అవ్వా, తీగ తియ్యి," అన్నాడు వీరభద్రం.

యాదవ్వ కొక్కేలు విప్పింది. చిలపలు భుజాన వేసుకుని, పై తీగ, కింది తీగ చుట్టగా చుట్టి గోడవారకు తీసుకుపోయింది. ఎందుకో ఎవరూ చెప్పలేదు, ఆమె అడగలేదు. అందరూ నైరుతి వైపు చూస్తూ నిలబడ్డారు. జీపులోంచి సమ్మయ్య కూడా చూస్తున్నాడు.

మూడూ నలభైకి మెరిసింది.

"రెండు వందల నాలుగు!"

లోపల పచ్చ గీత కోణం రెండుసార్లు చూసుకుని, "రెండు వందల నాలుగు," అన్నాడు లక్ష్మీనర్సయ్య.

ఆ తరవాత రెండు మెరుపులకూ అంతే, అంకెకు అంకె సరిపోయింది. కిషన్ రావు మెల్లగా లోపలికొచ్చి మ్యాపు ముందు నిలబడ్డాడు. లక్ష్మీనర్సయ్య మంగళవారం మూడూ నలభై రెండు నాటి గీతను పదకొండు డిగ్రీలు జరిపి మళ్ళీ గీశాడు. హైదరాబాదు గీతను అది పాలకుర్తి సూది పక్కనే తాకింది. మ్యాపు మీద ఆ సందులో గోరు కూడా పట్టదు.

ఇన్‌స్పెక్టర్ జేబులోంచి బేడీల తాళంచెవి తీశాడు. మొండి మనిషే గానీ చెడ్డవాడు కాదు, ఆ మాట చెప్పకపోతే అన్యాయం. జీపు దాకా తనే వెళ్ళి, తనే తాళం తీశాడు.

గుమ్మం దగ్గర యాదవ్వ నిలబడి ఉంది, తీగ చుట్ట ఇంకా చేతిలోనే.

"అంటె... నా కొడుకును జైల్ల ఏసింది గీ తీగనా సారూ?" అని అడిగింది. "నేను రోజు నూలారేసిన తీగనా?"

వీరభద్రం చూపు నేలమీదికి దించుకున్నాడు. అప్పుడు లక్ష్మీనర్సయ్య లేచాడు.

"నీ తీగ కాదు యాదవ్వా. నువ్వు కట్టుకున్నది కొబ్బరి తాడు. తాడుతోని ఏం కాదు." వేలితో బయటి గుంజలు చూపించాడు. "ఉగాది ముంగట గాలికి రెండుసార్లు తాడు తెగింది. రంగద్దిన నూలంత బురదల పడ్డది. నువ్వు గా బురదల కూసుని ఏడుస్తాంటె నేను కిటికీలకెల్లి చూసిన. మర్నాడు స్టోర్లకెల్లి తీగ తీసి నేనే కట్టిన. ముప్పై నాలుగేండ్ల నౌకరిల రిజిస్టర్ల లేని తప్పు, గదొక్కటే చేసిన."

"గది తప్పెట్లయితది సారూ," అంది యాదవ్వ. "నా చేతులు చూసి కట్టిండ్లు. గందుకే నేనే కట్టిన్నని చెప్పిన. మీ నౌకరి పోతదేమోనని."

తీగ చుట్టను గుమ్మం పక్కన పెట్టి, ఆమె కొడుకు దగ్గరికి నడిచింది. కానీ ఆమెకంటే ముందు ఇంకొకరు వచ్చేశారు. సందు చివర్నుంచి సరోజన. ఎవరు చెప్పారో, ఎలా తెలిసిందో. వీరభద్రం ఎదురువెళ్ళాడు.

"మీ అన్న చంపలేదు బిడ్డా. పిడుగే. సరిగ్గ ఆయన చెప్పిన కాడ్నే పడ్డది."

సరోజన తల ఊపింది. జీపు దగ్గరికి వెళ్ళి, బేడీల గుర్తులు పడ్డ అన్న మణికట్లు రెండూ పట్టుకుంది. చాలాసేపు వాటినే చూసింది.

"అన్నా," అంది చివరికి. "తిన్నవా?"

సమ్మయ్య నవ్వబోయి ఏడ్చాడు. "బావ చెప్పిండే. నువ్వు రానంటె నిన్ను తోల్కపోనన్నడు. గది నీకు చెప్దామనే నాలుగొద్దుల సంది చూస్తాన," అన్నాడు. అప్పుడు ఏడ్చింది సరోజన, నిన్న ఇంకిపోయాయనుకున్న కళ్ళతోనే. వీరభద్రం అటు తిరిగి గడియారం చూసుకున్నట్టు నటించాడు. టైమెంతో ఆయనకు కనపడలేదు.

లోపల్నుంచి లక్ష్మీనర్సయ్య పిలిచాడు.

"ఇన్‌స్పెక్టర్ సాబ్, జర లోపలికి రాండ్రి. మీరు గూడ రాండ్రి సారూ."

ముసలాయన ముందు రిజిస్టర్ తెరిచి ఉంది. ఏప్రిల్ పద్నాలుగు. పెన్సిలు మ్యాపు మీద ఈశాన్యం వైపు, పరకాల దగ్గర ఆగి ఉంది.

"ఉగాది తరవాత మీకు నేను రాసిన ఉత్తరం ఒక్కటి కాదు," అన్నాడు. "రెండు."

కిషన్ రావు మ్యాపు మీదికి వంగాడు.

"ఆ రోజు అమావాస్య కాదు. తీగ ఉన్నది," అన్నాడు లక్ష్మీనర్సయ్య. "పరకాల, పాలకుర్తికి సరిగ్గ ఎదురు దిక్కు. త్రాసు కాడి తీరు, ఇటు ఎంత జరిగితె అటూ గంతే. ఇప్పుడు సరిచేసి గీసిన. గీతలు తోటల కలుస్తలేవు. ఆరేడు మైళ్ళ అవతల కలుస్తానయి. ఆ పొద్దుగూకంగ అటు దిక్కు పడ్డది ఆ ఒక్కటే పిడుగు."

"అంటె?"

"అనసూయమ్మ తోటల పిడుగు పడలేదు సాబ్. పడ్డదని నేను రాసిచ్చిన."

ఒక్క తీగ నిర్దోషిని లోపల వేసింది. అదే తీగ ఇంకొకణ్ణి రెండు నెలలుగా బయట తిప్పుతోంది. వీరభద్రం ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు. తిట్టాలనిపించలేదు. ఆయన తనను తాను చాలినంత తిట్టుకుంటున్నాడని తెలుస్తోంది.

కిషన్ రావు చొక్కా జేబులోంచి పసుపు అంటిన కవరు ఒకటి తీశాడు.

"పొద్దుగాల స్టేషన్‌కు వచ్చి ఇచ్చిపోయిండు రాజేశ్వర్ రావు. రెండో పెండ్లి పత్రిక. పిల్ల పేరు సావిత్రి." పత్రిక విప్పాడు. "రేపు పొద్దున ఎనిమిదింటికి ముహూర్తం. పాలకుర్తిల."

గుమ్మంలో అలికిడైంది. సమ్మయ్య నిలబడి ఉన్నాడు, చెల్లెలి చెయ్యి వదలకుండా.

"మేము జంపఖానాలు ఇచ్చింది గా ఇంట్లనే సారూ," అన్నాడు. "మాకు చల్ల పోసింది గా పిల్లనే."

సరోజన అన్న చెయ్యి వదిలింది. గోడకు ఆనించి ఉన్న సైకిల్ తీసుకొచ్చి, దాని పిడి అతనికి అందించింది.

"పో అన్నా," అంది. "నీకు ఇల్లు తెలుసు గద."

"సైకిల్ వద్దు," అన్నాడు కిషన్ రావు, అప్పటికే జీపు వైపు పరుగెడుతూ. "ముంగట కూసో సమ్మయ్యా, దారి చెప్పు."